స్విగ్గీ, జొమాటో కలిసిపోతే హన్మకొండలో మనకు లాభమేనా?

లాభం ఉండదనే నా అభిప్రాయం. పోటీ ఉంది కాబట్టే మనకు కూపన్లు, ఫ్రీ డెలివరీ వస్తున్నాయి. 2020 జనవరిలో ఉబర్ ఈట్స్ భారత వ్యాపారాన్ని జొమాటో కొనేసింది, బదులుగా ఉబర్‌కు 9.99 శాతం వాటా ఇచ్చింది. పెద్ద యాప్‌లలో ఒకటి అప్పుడే తగ్గింది.

ఈ రెండూ ఒక్కటైతే మనకన్నా ఎక్కువ దెబ్బ నయీంనగర్, కాజీపేటలోని చిన్న హోటళ్లకు. కమీషన్ పెంచితే ఇంకో యాప్‌కు పోతామని గట్టిగా చెప్పలేరు. డెలివరీ చేసే పిల్లలదీ అదే బాధ. ఆర్డర్‌కిచ్చే రేటు తగ్గించినా, అన్ని ఆర్డర్లున్న ఇంకో కంపెనీ దొరకదు. వరంగల్ ఎండల్లో బండి మీద తిరిగేది వాళ్లే కదా, నాకు ముందు వాళ్ల గురించే టెన్షన్.

ఇంత పెద్ద విలీనానికి కాంపిటీషన్ కమిషన్ అనుమతి కావాలి. పోటీని దెబ్బతీసే విలీనాన్ని ఆపే అధికారం 2002 చట్టం దానికిచ్చింది. ఇలాంటిది వస్తే ఆపాల్సిందే.