మామయ్యగారికి షుగర్.. సముద్రానికి తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్. వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ కార్లో బాపట్ల దగ్గర సూర్యలంక వెళ్లి మూడు రోజులు ప్రశాంతంగా గడిపి రావాలనుకుంటున్నాం. మా మామయ్యగారికి 68 ఏళ్లు. 16 ఏళ్లుగా షుగర్ ఉంది. పొద్దున, రాత్రి ప్రీమిక్స్ ఇన్సులిన్ 30/70 తీసుకుంటారు. బీపీకి టెల్మిసార్టాన్ వాడతారు. ఏడాదిగా అరికాళ్లు మొద్దుబారాయి. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదంటారు. మా బాబుకు ఐదేళ్లు. అక్కడ ఏమైనా అయితే ఎలా అని నాకు టెన్షన్‌గా ఉంది. ఆయన్ని ఆడపడుచు ఇంట్లో దింపి వెళ్దామని మావారు అంటున్నారు. తీసుకెళ్లొచ్చా, వద్దా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తీసుకెళ్లండమ్మా. షుగర్ ఉందన్న ఒక్క కారణంతో పెద్దాయన్ని వదిలేసి వెళ్లాల్సిన పని లేదు. ఇన్సులిన్ తీసుకుంటూనే ఎంతోమంది తీర్థయాత్రలు చేస్తున్నారు, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొస్తున్నారు. అయితే మీరు రాసినదాంట్లో నేను రెండోసారి చదువుకున్న మాట ఒకటుంది, చెప్పు జారినా తెలియడం లేదని. ఈ మూడు రోజులూ మీ కన్ను ఆ పాదాల మీద ఉండాలి. ఆ తర్వాత ఆయన తిండి వేళ మీద. ఈ రెండూ చూసుకుంటే మిగతావి పెద్ద కష్టం కాదు.

చాలా ఏళ్లు షుగర్ ఉన్నవాళ్లలో పాదాల్లోని నరాలు దెబ్బతింటాయి. దీన్నే డయాబెటిక్ న్యూరోపతి అంటాం. మన కాలు వేడి ఇసుక మీద పడితే రెండో అడుగు వేసేలోపే చురుక్కుమంటుంది, వెంటనే పక్కకు గెంతుతాం. ఆయనకు ఆ చురుకు తెలియదు. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం ఇసుకలో పది నిమిషాలు తిరిగినా అరికాలు బొబ్బలెక్కిపోతుంది, నొప్పి మాత్రం ఉండదు. రాత్రి దుప్పటి మీద తడి మరక చూసి గానీ ఇంట్లోవాళ్లకు తెలియని సందర్భాలున్నాయి. ఆల్చిప్ప గుచ్చుకున్నా అంతే.

అందుకే ఆయన ఒట్టికాళ్లతో ఇసుకలో దిగకూడదు. ఎండ ముదరకముందు ఉదయం ఏడున్నర లోపు, మళ్లీ సాయంత్రం ఐదు దాటాక వెళ్లండి. ఇసుక వేడిని మీ చేత్తో తాకి చూడండి, ఆయన్ని అడిగి లాభం లేదు. హవాయి చెప్పులు వద్దు. వెనక పట్టీ, మెత్తటి అడుగు ఉన్న శాండల్స్ కొనండి. ప్రయాణం ముందు రోజు కొంటే కొత్త చెప్పు కరిచి అదే పుండవుతుంది. రెండు వారాల ముందే కొని ఇంట్లో రోజూ కాసేపు తొడిగించండి. వేసుకునే ప్రతిసారీ దులిపి, లోపల వేలు పెట్టి చూడాలి. చిన్న గవ్వ ముక్క చాలు, గంట నడిచేసరికి గాయం చేయడానికి.

గదికి రాగానే మంచినీళ్లతో కాళ్లు కడిగి, వేళ్ల సందులు కూడా తడి లేకుండా తుడవండి. తర్వాత ఫోన్‌తో రెండు అరికాళ్లూ ఫొటో తీయండి. బయల్దేరే ముందు ఇంట్లో తీసిన ఫొటోతో పోల్చి చూస్తే కొత్తగా వచ్చిన ఎరుపు, బొబ్బ, గీత వెంటనే కనబడతాయి. ఆయన్నే చూసుకోమంటే కుదరదు. ఆ వయసులో వంగి అరికాలు చూసుకోవడం కష్టం. పైగా "ఏం కాలేదులే" అనేస్తారు. బొబ్బ కనిపిస్తే చిదమొద్దు. శుభ్రమైన గాజ్ (పల్చటి కట్టుగుడ్డ) కట్టి, ఇక ఇసుకలోకి పంపకుండా డాక్టర్‌కు చూపించండి. రిసార్ట్ బాత్రూమ్‌లో గీజర్ నీళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త. మీరు మోచేత్తో వేడి చూశాకే ఆయన కాళ్ల మీద పడాలి.

కాలి మీద ఇప్పటికే పుండు గానీ, వేళ్ల సందుల్లో పగుళ్లు గానీ ఉంటే సముద్రపు నీళ్లలో అడుగు పెట్టనివ్వొద్దు. వెచ్చటి ఉప్పునీళ్లలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది. ఇన్ఫెక్షన్ రావడం అరుదే, వస్తే మాత్రం షుగర్, లివర్ జబ్బులు ఉన్నవాళ్లలో ఒక్క రోజులోనే కాలంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. నీళ్లలో దిగాక కాలు ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా పొద్దుటిదాకా ఆగకండి. "సముద్రపు నీళ్లు తగిలాయి" అని డాక్టర్‌కు మొదటే చెప్పండి. మందు ఎంపిక దాన్నిబట్టి మారుతుంది.

ఇక ఇన్సులిన్. రెండు రకాల ఇన్సులిన్ కలిపి ఉండే ప్రీమిక్స్‌లో త్వరగా పనిచేసే భాగం ఉంటుంది. సూది వేసుకుని తినడం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. ప్రయాణాల్లో జరిగేది ఇదే. అలవాటుగా ఏడున్నరకు సూది వేసుకుంటారు, "ఇంకాస్త ముందుకెళ్తే మంచి హోటల్ ఉంది" అంటూ తొమ్మిదిన్నర చేస్తారు. బీచ్ దగ్గర చేపల కూర చెప్పినా అది వండి తెచ్చేసరికి గంట పట్టొచ్చు. ఇంట్లో అరగంట ముందు వేసుకునే అలవాటున్నా, ఈ మూడు రోజులూ టిఫిన్ ప్లేటు టేబుల్ మీదికి వచ్చాకే సూది వేయండి. తిన్నాక షుగర్ కాస్త ఎక్కువ చూపించినా నష్టం లేదు. దారిలో షుగర్ పడిపోవడమే ప్రమాదం. ఇసుకలో నడక మామూలు నడక కంటే ఎక్కువ శ్రమ. వేడికి ఇన్సులిన్ ఒంట్లోకి త్వరగా ఎక్కుతుంది కూడా. కాబట్టి బీచ్‌కు వెళ్లేముందు ఒకసారి గ్లూకోమీటర్‌తో చూడండి. తాటిముంజలు గానీ మామిడిపండు గానీ తిన్న చేత్తో పరీక్ష చేస్తే లేని షుగర్ చూపిస్తుంది, చెయ్యి కడుక్కున్నాకే చేయండి.

ఒళ్లంతా చెమట, వణుకు, తడబడే మాట, కారణం లేని చిరాకు కనిపిస్తే ఎండ వల్లనుకోకండి. రీడింగ్ 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార గానీ గ్లూకోజ్ పొడి గానీ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ తక్కువే ఉంటే మళ్లీ అంతే ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. మగతలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. గ్లూకోజ్ పొట్లం సూట్‌కేసులో కాదు, ఆయన జేబులో ఉండాలి.

వాడుతున్న ఇన్సులిన్ 30 డిగ్రీల లోపు వేడిలో నాలుగు వారాలు పాడవదు. ఎండలో ఆపిన కారులో మాత్రం త్వరగా దెబ్బతినొచ్చు. టీ తాగడానికి దిగినా ఇన్సులిన్ సంచీ మీ చేతిలోనే ఉండాలి. ఐస్‌కు ఆనించి పెట్టొద్దు, ఒకసారి గడ్డ కడితే ఇక పనికిరాదు. థర్మాస్ ఫ్లాస్క్‌లో అడుగున ఐస్, మధ్యలో గుడ్డ, పైన ఇన్సులిన్ పెట్టుకుంటే చాలు. కార్లో ఆరేడు గంటల ప్రయాణం కాబట్టి రెండు గంటలకోసారి దింపి నాలుగడుగులు వేయించండి.

విరేచనాలు, వాంతులు మొదలై ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టాన్ కిడ్నీకి ఇబ్బంది తెస్తుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా వాడుతుంటే అది ఒంట్లో పేరుకుని రక్తంలో ఆమ్లం పెంచొచ్చు. ఏవి ఆపాలో, ఇన్సులిన్ ఎంత తగ్గించాలో ఇప్పుడే మీ డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ మొత్తం మానేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజే కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం రక్త పరీక్షలు చేయించండి. కిడ్నీ పనితీరు తగ్గి ఉంటే పొటాషియం ఎక్కువుండే కొబ్బరి బోండాలు కూడా ఆచితూచి తాగాలి.

బాబు కోసం లీటరు నీళ్లలో కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు పెట్టుకోండి. ఓఆర్ఎస్ పేరుతో తియ్యటి డ్రింకులు ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ పట్టువదలకుండా పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాటి మీద ఆ పేరు వాడకూడదంది. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్నదే కొనండి. చేపలు, రొయ్యలు వేడివేడిగా వండించుకుని తినండి, పొద్దున ఒడ్డున అమ్మి మిగిలినవి ఎండలో ఉంటే మాత్రం వద్దు. ఎండుచేపల్లో ఉప్పెక్కువ. బీపీ ఉంది కాబట్టి మామయ్యగారికి రుచి చూపించి ఊరుకోండి.

నీళ్ల దగ్గర బాబు చెయ్యి ఒక పెద్దవాళ్ల చేతిలో ఉండాలి, ఆ పెద్దవాళ్ల రెండో చేతిలో ఫోన్ ఉండకూడదు. సూర్యలంకలో మునిగిపోయిన ఘటనలు ఉన్నాయి. మోకాలి లోతు దాటి ఎవరూ వెళ్లొద్దు, పోలీసులు వద్దన్న చోటికి అసలే వద్దు. తాతగారికి మనవణ్ని అప్పగించి మీరు దూరంగా వెళ్లకండి. అల వచ్చి తోస్తే కాలి కింద పట్టు తెలియని మనిషి తనే నిలదొక్కుకోలేరు.

తీరం నుంచి బాపట్ల తొమ్మిది కిలోమీటర్లు, అక్కడ ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది. పెద్ద వైద్యం కావాలంటే గుంటూరు వెళ్లాలి, ఇంకో 50 కిలోమీటర్లు. వారాంతాల్లో జనం, బండ్లు ఎక్కువ కాబట్టి మీరు కోరుకునే ప్రశాంతతకూ, అవసరమైతే త్వరగా బయటపడటానికీ సోమవారం నుంచి బుధవారం వరకు పెట్టుకోవడం మంచిది. తిరిగి వచ్చాక కూడా వారం, పది రోజులు రాత్రిపూట అరికాళ్లు చూస్తూనే ఉండండి. చిన్న గాయమైనా రెండు రోజుల్లో మానే సూచన లేకపోతే పాదాల వైద్యం తెలిసిన డయాబెటిస్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.