సర్వర్లను కావాలని ఆపి చూసే పని: 60 వేలు కట్టి నేర్పించాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాం. మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. సాఫ్ట్‌వేర్ సిస్టమ్‌లను కావాలని పడగొట్టి చూసే 'కేయాస్ ఇంజినీరింగ్' అనే పని ఉందట. హైదరాబాద్‌లో నాలుగు నెలల కోర్సు, ఫీజు 60 వేలు అంటున్నాడు. పడగొట్టినందుకు జీతమిస్తారా? ఫీజు కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. అయితే మీ వాడు ఎంచుకున్న విషయం మాత్రం మంచిది. అదేమిటో మీకు నాకంటే బాగా తెలుసు, పేరే కొత్త.

తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయిన వేళ కరెంటు పోయి, జనరేటర్ అందుకోకపోతే చెరువు ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే జనరేటర్‌ను అప్పుడప్పుడూ తిప్పి చూస్తారు. కానీ ఖాళీగా తిప్పి చూడటం వేరు. పట్టపగలు పదకొండింటికి, మనుషులంతా గట్టు మీద ఉండగా, ఒక్క చెరువుకే మెయిన్ దించి, ఏరేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) లోడు వేసి చూడటం వేరు. ఖాళీగా చక్కగా తిరిగిన ఇంజను లోడు పడగానే ఆగిపోవచ్చు. మోటారు స్టార్టింగులో మామూలు కంటే కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి, ఏరేటర్లన్నీ ఒకేసారి అందుకుంటే బ్రేకర్ పడిపోవచ్చు. ఒకదాని తర్వాత ఒకటి వేస్తే నిలబడుతుంది. ఈ సంగతి రాత్రి రెండింటికి కాకుండా పగలే తెలుసుకోవడం కోసమే ఆ పరీక్ష.

వెబ్‌సైట్లను, యాప్‌లను నడిపించే కంప్యూటర్లు, అంటే సర్వర్లకూ ఇదే బాధ. పడిపోయిన సర్వర్ లేవగానే వేల ఫోన్లు ఒక్కసారిగా మళ్లీ అడుగుతాయి, ఆ తాకిడికి అది మళ్లీ పడుతుంది. మందు కూడా మీదే: అన్నీ ఒకేసారి కాకుండా, ఒక్కో ఫోను ఒక్కో వ్యవధి ఆగి అడిగేలా రాయాలి.

2008 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ డేటాబేస్ పాడై మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయింది. ఆ దెబ్బతో అమెజాన్ క్లౌడ్‌కు మారడం మొదలుపెట్టి, నడుస్తున్న సర్వర్లను తోచినట్టు ఆపేసే 'కేయాస్ మంకీ' అనే ప్రోగ్రాం రాసుకుంది. 2012లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది. అది పని చేసేది ఆఫీసు వేళల్లోనే, ఇంజినీర్లు సీట్లలో ఉన్నప్పుడే. మీరు మెయిన్ దించేది పగటిపూట ఎందుకో, అదీ అందుకే.

ఇక ఉద్యోగం మాట. 'కేయాస్ ఇంజినీర్' పేరుతో ఫ్రెషర్లను తీసుకోవడం చాలా అరుదు. ఇది సాఫ్ట్‌వేర్ వ్యవస్థలు ఆగకుండా చూసుకునే సైట్ రిలయబిలిటీ ఇంజినీర్, ప్లాట్‌ఫామ్ ఇంజినీర్, డెవాప్స్ ఉద్యోగాల్లో ఒక భాగం. బ్యాంకుల్లో దీనికి దగ్గరి చుట్టం డీఆర్ డ్రిల్, అంటే అసలు వ్యవస్థ పడిపోతే బదులు వ్యవస్థ అందుకుంటుందో లేదో చేసి చూడటం. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం కీలక వ్యవస్థలకు కనీసం ఆరు నెలలకోసారి అది చేయాలి. కాబట్టి పని ఉంది, ఉంటుంది. కానీ లైనక్స్, నెట్‌వర్కింగ్, ఏదో ఒక భాషలో గట్టి ప్రోగ్రామింగ్, డాకర్ (ప్రోగ్రాంలను కంటెయినర్లు అనే విడివిడి పెట్టెల్లో నడిపే టూల్), ఆ తర్వాత కుబర్నెటిస్ (అలాంటి పెట్టెలను చాలా మెషీన్ల మీద నడిపే టూల్) రాకుండా టూల్ ఒక్కటే నేర్చుకున్నవాడు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోతాడు.

టూల్స్ ఎలాగూ ఉచితమే: టాక్సీప్రాక్సీ (రెండు సర్వీసుల మధ్య ఉండి కావాలని ఆలస్యం పెట్టేది), లిట్మస్ కేయాస్, కేయాస్ మెష్. ఇంట్లో చేసుకోవడానికి 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ సరిపోతుంది, 16 జీబీ అయితే హాయి.

మొదటి ప్రయోగం ఎలా ఉండాలో అబ్బాయికి చదివి వినిపించండి. రొయ్యల ధరలు కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయో ఆ లెక్క) వారీగా చూపించే చిన్న వెబ్‌సైట్ రాయాలి. ధరలు డేటాబేస్ నుంచి రావాలి. పేజీలో ఓ మూల వాతావరణం కూడా కనిపించాలి, అది వేరే సర్వీసు నుంచి రావాలి. డాకర్ కంపోజ్‌లో అన్నీ కలిపి, వెబ్‌సైట్‌కూ వాతావరణ సర్వీసుకూ మధ్యలో టాక్సీప్రాక్సీ పెట్టాలి. కొలతలకు ప్రోమేథియస్, గ్రాఫానా, లోడుకు కే6. ఏదీ ఆపకముందు పావుగంట మామూలుగా నడిపి, సెకనుకు ఎన్ని అభ్యర్థనలు, నూటికి 95 ఎంత సమయంలోపు పూర్తవుతున్నాయి, తప్పులెన్ని అన్నది రాసుకోవాలి. మామూలు స్థితి ఏమిటో తెలియకపోతే చెడిందో లేదో చెప్పలేం.

తర్వాత కాగితం మీద ఒక్క వాక్యం: 'వాతావరణ సర్వీసు పది సెకన్లు ఆలస్యమైనా ధరల పేజీ అర సెకనులోపే వస్తుంది.' ఎప్పుడు ఆపేయాలో కూడా ముందే రాయాలి, తప్పులు నూటికి 5 దాటితే వెంటనే ఆపడం లాగా. ఇప్పుడు టాక్సీప్రాక్సీతో ఆ పది సెకన్ల ఆలస్యం పెట్టి చూడాలి.

చాలామందికి ధరల పేజీ కూడా నిలిచిపోతుంది. కారణం లెక్కలో ఉంది. వెబ్‌సైట్ ఒకేసారి 20 అభ్యర్థనలు చూడగలదు అనుకోండి. ఒక్కోటి 50 మిల్లీసెకన్లలో ముగిస్తే సెకనుకు 400 అవుతాయి. ఒక్కోటి పది సెకన్లు కూర్చుంటే సెకనుకు రెండే. సెకనుకు 20 వస్తుంటే మొదటి సెకనులోనే సీట్లన్నీ నిండి, ధరలు చూద్దామని వచ్చినవాడు కూడా బయటే నిలబడతాడు. పైథాన్‌లో అందరూ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీ, మనం టైమవుట్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలో ఆ గడువు) ఇవ్వకపోతే ఎదురుచూడటం తనంతట తాను ఆపదు.

ఒక సెకను టైమవుట్ పెట్టి అయిపోయిందనుకోవడం రెండో తప్పు. ధరల డేటాబేస్‌కు పట్టే 20 మిల్లీసెకన్లు కలిపితే 1.02 సెకన్లు, అంటే సెకనుకు 19.6 మాత్రమే తెములుతాయి. చూడటానికి బాగానే ఉన్నట్టుంటుంది, ఐదు నిమిషాలకు వరుసలో వంద దాటి ఉంటాయి. అందుకే ప్రయోగం అర నిమిషంలో ముగించకూడదు. 300 మిల్లీసెకన్ల టైమవుట్ పెట్టి, సమయానికి రాకపోతే ఇంతకుముందు దాచుకున్న వాతావరణాన్నే చూపిస్తే, సెకనుకు 60కి పైగా తెములుతాయి. దిద్దాక అదే ప్రయోగం మళ్లీ చేయాలి. ఈ రెండోసారి చేసేదే అసలు పని, చాలామంది వదిలేసేదీ ఇదే.

లోడు పెట్టేటప్పుడు 'ఇంతమంది యూజర్లు' అని కాకుండా 'సెకనుకు ఇన్ని అభ్యర్థనలు' అని పెట్టమనండి. మొదటి పద్ధతిలో సర్వర్ నెమ్మదిస్తే యూజర్లూ ఆగి చూస్తారు, లోడు దానంతటదే తగ్గి రోగం కనబడదు. డాకర్‌లో కంటెయినర్‌ను ఆజ్ఞ ఇచ్చి ఆపితే అది తిరిగి లేవదు, మనమే ఆపామని డాకర్‌కు తెలుసు కనుక. లేస్తుందో లేదో చూడాలంటే బయటి నుంచి దాని ప్రాసెస్‌ను చంపాలి. లైనక్స్‌లో నెటెమ్ (నెట్‌వర్క్‌లో ఆలస్యం పెట్టే సదుపాయం) వాడితే, సొంత మెషీన్ తనతో తాను మాట్లాడుకునే లూప్‌బ్యాక్ దారిలో ఆలస్యం వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పడి 100 మిల్లీసెకన్లు పెట్టింది 200 అవుతుంది. దూరపు సర్వర్ మీదైతే, ఆలస్యాన్ని తీసేసే ఆజ్ఞను రెండు నిమిషాల తర్వాత నడిచేలా ముందే పెట్టుకోవాలి. లేకపోతే మన లాగిన్ కూడా ఆ ఆలస్యంలోనే ఇరుక్కుంటుంది.

ఒక్క విషయంలో మీరు గట్టిగా ఉండాలి. కాలేజీ వెబ్‌సైట్, ఊళ్లో ఎవరిదో యాప్ మీద 'ఊరికే చూశా' అని ఇవేవీ చేయకూడదు. యజమాని అనుమతి లేకుండా సర్వర్‌ను ఆటంకపరిస్తే ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు; దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల వరకు జైలు లేదా 5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ. సొంత ల్యాప్‌టాప్ చాలు.

ఈ ఉద్యోగాల్లో వంతుల వారీగా రాత్రి పిలుపులు కూడా ఉంటాయి. తెల్లారకముందే చెరువు గట్టుకు పరుగెత్తే ఇంట్లో పెరిగిన కుర్రాడికి అది కొత్త కాదు, కానీ ముందే తెలిసి ఉండటం మంచిది.

ఆరు నెలల్లో ఇలాంటి ప్రయోగాలు నాలుగు చేసి, ఒక్కోదానికి రెండు పేజీలు రాయమనండి: ఏమనుకున్నాడు, ఏమైంది, ఎందుకైంది, ఏం మార్చాడు, మార్చాక కొలతలెంత. సర్టిఫికెట్ కన్నా ఈ ఎనిమిది పేజీలు, వాటి వెనకున్న కోడ్ ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడిస్తాయి. ల్యాప్‌టాప్‌లో 8 జీబీయే ఉంటే, ఆ 60 వేలలో కొంత ర్యామ్ పెంచడానికి వాడి, మిగతాది దాచండి. నాలుగో ప్రయోగం అయ్యాక కూడా కోర్సు కావాలంటే, అందులో ఏ పాఠం తనకు రాదో అప్పుడు అబ్బాయే చెప్పగలడు.