మలయ్, ఇండోనేషియా భాషలు ఒకటే కదా! వాటి మాండలికాలపై పరిశోధించడానికి ఏముంటుంది?

ఆరు నెలలు ఇండోనేషియా భాష నేర్చుకున్నానని, వ్యాకరణం ఇంత తేలికగా ఉంటే పరిశోధనకు ఇంకేం మిగిలిందని అడిగారు. మీరు నేర్చుకున్నది పాఠ్యపుస్తకం భాష. ఇంట్లో అచ్చంగా ఆ భాషే మాట్లాడే కుటుంబం ఒక్కటి దొరికినా నాకు చెప్పండి. మూడేళ్లు జకార్తాలో, మలేషియాలో రికార్డింగులు విని కాగితం మీద పెట్టే పని చేశాను. నాకైతే దొరకలేదు.

నా మొదటి దెబ్బ 'కిత' అనే మాటతో. మనకు 'మేము', 'మనం' వేరు కదా, మలయ్‌లోనూ అంతే. 'కామి' అంటే మేము, 'కిత' అంటే మనం. తోటి యూరప్ విద్యార్థులు ఈ తేడాతో తంటాలు పడుతుంటే నాకు మొదటి రోజే పట్టుబడింది. ఆ గర్వం జకార్తాలో వారం రోజులు నిలిచింది. ఇంటి యజమానురాలు ఒక రాత్రి "రేపు కిత బాండుంగ్ వెళ్తున్నాం" అన్నారు. నన్నూ కలుపుకున్నారని మురిసిపోయి సంచి సర్దుకున్నాను. పొద్దున్నే ఆవిడ, భర్త, పిల్లలు కారెక్కి, తాళంచెవి నా చేతిలో పెట్టి, మొక్కలకు నీళ్లు పోయమని చెప్పి వెళ్లిపోయారు. జకార్తా వాడుకలో 'కామి' దాదాపు వినిపించదు, రెండు పనులూ 'కిత'యే చేస్తుంది.

అది సర్దుకునేలోపు సులవేసి దీవిలోని మనాడో నగరం నుంచి వచ్చిన సహోద్యోగి ఫొటో చూపించి "కిత పె రుమ" అన్నాడు. 'మన ఇల్లు' అని అర్థం చేసుకున్నాను. అతను చెప్పింది 'నా ఇల్లు' అని. మనాడోలో 'కిత' అంటే నేను! ఇంకా తూర్పున ఉన్న అంబోన్ దీవిలో నేను అనడానికి 'బేత', మేమైనా మనమైనా 'కాతోంగ్'. ఒక్క సర్వనామం పట్టుకుని దీవి నుంచి దీవికి వెళ్తే చాలు, ఒక సిద్ధాంత గ్రంథానికి సరిపడా సరుకు దొరుకుతుంది. ఆ 'పె' సంగతీ చూడండి. పుస్తకం భాషలో 'రుమహ్ సయ', అంటే 'ఇల్లు' ముందు, 'నా' తర్వాత. తూర్పు దీవులలో వరుస తిరగబడి మన తెలుగులో లాగే 'నా' ముందుకొస్తుంది. అంబోన్‌లో 'బేత పుంగ్ రుమ', పపువాలో 'స పు రుమహ్'. పుంగ్, పె, పు మూడూ 'పున్య' అనే మాట అరిగి మిగిలిన ముక్కలే.

అసలు చిక్కు రికార్డింగులలో కాదు, వాటిని రాసేటప్పుడు వస్తుంది. జకార్తాలో నాకు సాయంగా ఉన్న అమ్మాయి చాలా చురుకైనది. ఆరు వారాల పని అయ్యాక ఒక రికార్డింగును పక్కన పెట్టుకుని ఆమె రాసినదానితో పోల్చాను. వినిపించేది 'ఎంగాక్' (కాదు, లేదు), కాగితం మీద 'తిదక్'. వినిపించేది 'దిబెలిఇన్' (కొనిపెట్టారు), కాగితం మీద 'దిబెలికన్'. అంతటా అంతే. మాటలో బతికి ఉన్న '-ఇన్' అనే జకార్తా ప్రత్యయం కాగితం మీద చచ్చిపోయింది. ఎందుకు మార్చావమ్మా అంటే "రికార్డింగులో ఆవిడ తప్పుగా మాట్లాడింది కదా అక్కా, దిద్దాను" అంది. మరి నువ్వు ఎలా మాట్లాడతావు అంటే, "నేనెప్పుడూ తిదక్ అనే అంటాను" అని ఖండితంగా చెప్పింది. పది నిమిషాలయ్యాక వాళ్ల అమ్మతో ఫోనులో మాట్లాడుతూ నాలుగుసార్లు 'ఎంగాక్' అంది! ఆమె అబద్ధం చెప్పలేదు. బడిలో నేర్పినదే భాష, ఇంట్లో మాట్లాడేది భాష కాదు అన్న నమ్మకం అంత లోతుగా దిగింది. గిడుగు రామమూర్తి పుట్టిన భాష వాళ్లం, ఇది మనకు వేరే చెప్పాలా. తప్పు మాత్రం నాదే, విన్నది విన్నట్టే రాయమని మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. ఆరు వారాల పని మళ్లీ మొదటి నుంచి చేశాం.

జర్మనీలోని మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థ 1999లో జకార్తాలో క్షేత్ర కేంద్రం తెరిచి, చిన్నపిల్లలు ఇళ్లలో మాట్లాడే మాటలను ఏళ్ల తరబడి రికార్డు చేయించింది. మీరు ముందు ఆ సేకరణలో కొంత వినండి. ఆ బృందంలోని భాషాశాస్త్రవేత్త డేవిడ్ గిల్, సుమత్రాలోని రియావు వాడుక భాష గురించి చెప్పినది చదివితే మీ 'తేలిక వ్యాకరణం' మాట మీరే వెనక్కి తీసుకుంటారు. 'ఆయమ్ మాకన్' అంటే కోడి, తినడం, అంతే. సందర్భాన్ని బట్టి కోడి తింటోంది, ఎవరో కోడిని తిన్నారు, తింటున్న కోడి, కోడి తినే చోటు, ఏదైనా కావచ్చు. అక్కడ నామవాచకం, క్రియ అనే విభజనే అక్కర్లేదని ఆయన వాదన. నేను పూర్తిగా ఒప్పుకోను. కానీ కాదనడానికి కూర్చుంటే రుజువులు వెతుక్కోవడం ఎంత కష్టమో తెలిసింది.

మలేషియా వైపు వెళ్తే ఈశాన్యాన ఉన్న కెలాంతన్ రాష్ట్రాన్ని వదలకండి. మిగతా చోట్ల 'జలన్' అంటే దారి, 'బెర్జలన్' అంటే నడవడం. కెలాంతన్‌లో దారి 'జలే', నడవడం 'జ్జలే'. ఆ 'బెర్' అంతా మొదటి హల్లును ఒత్తి పలకడంలో ఇమిడిపోయింది. మన 'కల', 'కల్ల'లలో ద్విత్వం పదం నడుమ ఉంటుంది కాబట్టి వినిపిస్తుంది. అక్కడ పదం మొదట్లోనే. ఆ రాష్ట్ర రాజధాని కోత భారు సంతలో ఒక పెద్దావిడ నా చేత పదిసార్లు అనిపించి, నేను నడుస్తున్నానన్న ప్రతిసారీ 'దారి' అనే వినిపిస్తోందని పడీ పడీ నవ్వింది. క, త లాంటి వాటితో మొదలయ్యే మాటలైతే ఇంకా ఇబ్బంది. నోరు మూసి ఉన్నంతసేపూ నిశ్శబ్దమే, నిశ్శబ్దం ఎంతసేపుందో చెవి ఎలా కొలుస్తుంది? తర్వాతి అచ్చు ఎంత గట్టిగా, ఎంత ఎత్తు స్థాయిలో పలికారో యంత్రం మీద చూసుకోవాలి.

ఇక ఇండోనేషియా భాషతో మలేషియాలో నెగ్గుకురాగలనా అన్న మీ రెండో ప్రశ్న. పత్రికలు చదవడానికి ఢోకా లేదు, 1972 నుంచి రెండు దేశాల వర్ణక్రమం దాదాపు ఒకటే. మాట్లాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. 'బుదక్' అంటే మలేషియాలో పిల్లవాడు, ఇండోనేషియాలో బానిస. 'పెర్చుమ' అని మలేషియా దుకాణంలో బోర్డు ఉంటే ఉచితం అని, ఇండోనేషియాలో అదే మాటకు దండగ అని అర్థం. ఇక 'బుతుహ్' ఉంది, ఇండోనేషియాలో 'అవసరం'. అది మలేషియాలో పెద్దల ముందు అనకండి. ఎందుకో అక్కడి స్నేహితులనే అడగండి, నేను ఇక్కడ రాయలేను.