అమ్మాయికి ఎయిర్ రైఫిల్ అమెరికా నుంచి తెప్పించమంటారా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. అమ్మాయి తొమ్మిదో తరగతి. ఆరు నెలలుగా టెన్ మీటర్ ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. తోటి పిల్లలందరికీ సొంత రైఫిళ్లు ఉన్నాయి. దసరాకి మా బావమరిది డాలస్ నుంచి వస్తూ లగేజీలో ఒకటి తెస్తానంటున్నాడు. తెప్పించమంటారా, ఇక్కడే కొనమంటారా? ఈ లైన్‌లో భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: ముందు మీ బావమరిదికి ఫోన్ చేసి వద్దని చెప్పండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

4.5 ఎంఎం గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి మన దగ్గర ఆయుధ లైసెన్స్ అక్కర్లేదని ఎవరో చెప్పి ఉంటారు, నిజమే. కానీ అది ఇక్కడ కొని ఇంట్లో పెట్టుకోవడానికి. బయటి దేశం నుంచి తేవాలంటే కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ ఆంక్షలు వేరే ఉన్నాయి, జాతీయ పోటీల్లో నిర్ణీత స్కోరు కొట్టి 'రినౌన్డ్ షాట్' గుర్తింపు తెచ్చుకున్న షూటర్లకే ఆ దారి సులువు. శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు ఆపారంటే రైఫిల్ పోవడం ఒక్కటే కాదు, పండక్కి వచ్చిన మనిషి ఆఫీసుల చుట్టూ తిరగాలి. బ్యాగులో మర్చిపోయిన ఒక్క తూటాకే ఎయిర్‌పోర్టుల్లో ఆయుధ చట్టం కింద కేసులు పెడుతున్నారండీ.

ఇక ఖర్చు. పోటీ స్థాయి వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ రైఫిళ్లు యూరప్‌లోనే రెండు మూడు వేల యూరోలు పలుకుతాయి, దాని మీద రవాణా, సుంకం, ఇక్కడి డీలర్ లాభం. జాకెట్, ప్యాంటు, బూట్లు ఎదిగే పిల్లకి మళ్లీ మళ్లీ మార్చాలి. మ్యాచ్‌కి 60 షాట్లు, ప్రాక్టీసులో అంతకంటే ఎక్కువ, ఆ పెల్లెట్లు (రైఫిల్‌లో వేసే చిన్న గుళ్లు) కూడా చాలావరకు దిగుమతి సరుకే.

అసలు మీ టెన్షన్ రైఫిల్ కాదు, 'తోటి పిల్లలందరికీ ఉన్నాయి' అన్న ముక్క. ఇంత రాశారు, అమ్మాయికి ఈ ఆట ఎంత ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? 2012 ఒలింపిక్స్‌లో షూటర్ గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చినప్పుడూ ఇదే ప్రశ్న, 2024లో మను భాకర్‌కి రెండు కాంస్యాలు వచ్చాక మళ్లీ ఇదే. మన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ పేరు చెప్పి అడిగేవాళ్లయితే లెక్కే లేదు. పతకం చూసి పిల్లల్ని రేంజ్‌లో దింపడం, ఇంటర్ రాగానే మాన్పించి కోచింగ్‌లో పడెయ్యడం, ఈ మాత్రం దానికి లక్షలెందుకు?

భవిష్యత్తు అన్నారు. స్పోర్ట్స్ కోటాని నమ్ముకుని మాత్రం దిగకండి. ఎప్‌సెట్‌లో అది అర శాతం, దానికి అన్ని ఆటల వాళ్లూ పోటీయే. ఆర్మీ, రైల్వే ఉద్యోగాలు పతకాల స్థాయికి వెళ్లినవాళ్లకి. కెరీర్‌గా ఈ ఆట మీద నాకు అనుమానాలే ఎక్కువ, చదువుతో పాటు ఆడే ఆటగా అయితే ఒక్క అనుమానం లేదు. గంటసేపు కదలకుండా నిలబడి గురి చూసే పిల్ల చదువులో వెనకబడుతుందని భయపడకండి.

సొంత రైఫిల్ లేదని ఆరు నెలల్లో ఎవరూ వెనకబడరు. రెండేళ్లు అకాడమీ రైఫిల్‌తోనే ఆడనివ్వండి. గుర్తింపు స్కోరు వస్తే దిగుమతి సక్రమంగా జరుగుతుంది, సుంకంలో రాయితీ కూడా దొరకొచ్చు. ఈలోపు ఎవరైనా సెకండ్‌హ్యాండ్‌ది అమ్ముతామంటే కోచ్‌ని తీసుకెళ్లి గాలి సిలిండర్ మీద తేదీ చూడండి, పదేళ్లు దాటినదైతే పోటీల్లో ఒప్పుకోరు.