ట్రౌట్ సంగతి తర్వాత, ముందు చబ్‌ని పట్టు

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

ఫ్లై ఫిషింగ్, అంటే ఈకలతో పురుగులా కట్టిన ఫ్లై వేసి చేపలు పట్టడం, మొదలుపెట్టడానికి నువ్వు పంపిన రాడ్ లింకు చూశాను. ఆ రాడ్ కొనకు. పది అడుగుల పొడవు, 7వ నంబర్ లైన్. అది పెద్ద రిజర్వాయర్లలో ట్రౌట్ చేప కోసం చేసిన సరుకు. ఇంగ్లండ్‌లో మీ రెడింగ్ చుట్టుపక్కల లాడన్ నది ఒడ్డున విల్లో కొమ్మలు నెత్తి మీదకి వేలాడుతుంటాయి, అక్కడ దాన్ని తిప్పడానికి జాగా ఎక్కడిది? తొమ్మిది అడుగులు లేదా అంతకంటే కాస్త పొట్టిగా, 5వ నంబర్ రాడ్ చాలు. రీల్ మీద డబ్బు తగలెయ్యకు, ఈ చేపలకి అది దారం చుట్టి పెట్టుకునే డబ్బా మాత్రమే. మిగిలిన డబ్బు నీళ్ళ మీద తేలే మంచి ఫ్లోటింగ్ లైన్ మీద పెట్టు.

ఇక ట్రౌట్ మాట. హ్యాంప్‌షైర్‌లో టెస్ట్ నది మీద మంచి చోట ఒక్క రోజు టికెట్‌కి వందల పౌండ్లు అడుగుతారు. అంత పోసి వెళ్ళి, లైన్ విసరడం రాక, రోజంతా వెనక చెట్లలోంచి ఫ్లై పీక్కుంటూ కూర్చుంటావు. నీ గుమ్మం ముందు కెనెట్ ఉంది, లాడన్ ఉంది, థేమ్స్ ఉంది. వాటి నిండా చబ్, డేస్, రోచ్, పెర్చ్, పైక్. ఇక్కడివాళ్ళు కోర్స్ ఫిష్ అనేది వీటినే. సాల్మన్, ట్రౌట్ కాని మంచినీటి చేపలన్నీ అందులోకే వస్తాయి, మన బంగారుతీగతో సహా. ఒకప్పుడు ట్రౌట్ నదుల కాపలావాళ్ళు చబ్‌ని పీడలా చూసి వలేసి ఏరిపారేసేవాళ్ళు. ఆ చిన్నచూపు ఇప్పటికీ కొంత ఉంది. ఉండనీ, దానివల్లే మనకి చవగ్గా దొరుకుతున్నాయి.

నువ్వు వెంటనే నదికి పరిగెత్తకుండా ఒక మాట. ఇంగ్లండ్, వేల్స్ నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా ఈ చేపల జోలికి వెళ్ళకూడదు, అవి గుడ్లు పెట్టే కాలం. జూన్ 16న తెరుస్తారు. చెరువులకీ కాలువలకీ చాలావరకు ఈ నిషేధం లేదు కానీ, మీ కెనెట్ అండ్ ఏవన్ కాలువతో ఓ చిక్కుంది. రెడింగ్ నుంచి న్యూబరీ దాకా నదీ, తవ్విన కాలువా కలుస్తూ విడిపోతూ పోతాయి. ఏ ముక్క నది కింద లెక్కో క్లబ్బువాళ్ళని అడిగి తెలుసుకో, నీ అంతట నువ్వు ఊహించుకోకు.

లైసెన్స్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీది, ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. అది లేకుండా దొరికితే జరిమానా 2,500 పౌండ్ల దాకా పడొచ్చు. లైసెన్స్ ఉంటే చాలదు, ఆ ఒడ్డు ఎవరిదో వాళ్ళ అనుమతి కూడా కావాలి. క్లబ్బు సభ్యత్వమో, డే టికెట్టో. కొన్ని చెరువుల్లో ఫ్లై వెయ్యనివ్వరు, టికెట్ కొనేటప్పుడే అడుగు.

ఇప్పుడు అసలు పని. కోనసీమ కాలువ గట్టున వానపాము గుచ్చి వేసిన గాలం సంగతి కాసేపు మర్చిపో. అక్కడ సీసం గుండు బరువుకి దారం వెనకాలే పోయేది. ఇక్కడ ఫ్లైకి బరువే లేదు. ఈక, బొచ్చు, దారం చుట్టిన చిన్న గాలం, అంతే. బరువంతా లైన్‌లోనే ఉంటుంది. లైన్ నంబర్ అనేది దాని మొదటి 30 అడుగుల బరువుని బట్టే పెడతారు. కాబట్టి నువ్వు విసిరేది లైన్‌ని, ఫ్లై దాని తోకలా వెళ్తుంది.

లైన్‌ని వెనక్కి లేపాక ఆగాలి. అది వెనకాల పూర్తిగా చాపుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకి. కొత్తవాళ్ళంతా తొందరపడేది ఇక్కడే. వెనకనుంచి కొరడా ఝుళిపించినట్టు చప్పుడు వచ్చిందంటే ఫ్లై తెగి ఎగిరిపోయినట్టే, చూసుకో. బలం వద్దు. రాడ్ నెత్తి దాటి కొంచెం వెనక్కి వెళ్ళగానే గట్టిగా ఆపు, ఆ ఆపడంలోనే ఉంది విద్యంతా. జూన్ దాకా పార్కులో గడ్డి మీద, గాలం బదులు చిన్న ఎర్ర ఊలు ముక్క కట్టి, రోజూ పావుగంట చెయ్యి. కుక్కల్ని తిప్పేవాళ్ళు ఆగి చూస్తారు, టెన్షన్ పడకు, రెండు రోజులకి వాళ్ళకీ అలవాటైపోతుంది.

దూరం మాత్రం పట్టించుకోకు. యూట్యూబ్‌లో ఎనభై అడుగులు విసిరేవాళ్ళని చూసి మోజు పడుతున్నావని తెలుసు. చిన్న నదిలో 30 అడుగులు దాటే అవసరం దాదాపు రాదు. ఎనభై అడుగులు విసరడంకంటే చేపకి తెలియకుండా ముప్పై అడుగుల దగ్గరికి చేరడం కష్టం, ఉపయోగం కూడా. నీళ్ళలో చేప ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబడుతుంది, కాబట్టి దిగువనుంచి, దాని తోక వైపు నుంచి నడిచి వెళ్ళు. వంగి నడువు. అడుగులు మెత్తగా వెయ్యి, గట్టు అదిరితే దానికి ఒంట్లోనే తెలిసిపోతుంది. నీ నీడ నీళ్ళ మీద పడనివ్వకు. పోలరాయిడ్ కళ్ళద్దాలు తప్పనిసరి. నీటి మీది మెరుపు పోయి లోపల చేపలు కనబడతాయి, కంటికీ కాపలా. పక్కన కుర్చీ, గొడుగు, మూడు రాడ్లు, టీ ఫ్లాస్కుతో కూర్చున్న పెద్దమనుషులు కనిపిస్తారు. వాళ్ళ ఆట వేరు. నీకు ఒక రాడ్, జేబులో ఒక డబ్బా, భుజాన వల. నడుస్తూనే ఉండాలి. ఒక చోట నాలుగైదు సార్లు వేసినా పలకలేదంటే పైకి పద.

నీ మొదటి చేప చబ్ కావాలని నా కోరిక. పెద్ద తల, తెల్లటి మూతి, ఇత్తడి రంగు పొలుసులు. ఏది పడితే అది తింటుంది: పురుగులు, చిన్న చేపలు, పండి రాలిన ఎల్డర్ కాయలు, ఆఖరికి అమెరికా నుంచి తెచ్చి ఇక్కడ నదుల నిండా పెరిగిపోయిన సిగ్నల్ క్రేఫిష్ కూడా. ఇంత తిండిపోతుకి పిరికితనం కూడా అంతే. జూలై సాయంత్రం, ఒడ్డు చెట్ల కింద నీడలో చూడు. నల్లని ఫోమ్ బీటిల్ ఫ్లై, 10 లేదా 12 సైజు (నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నది). కొమ్మ కింద 'టప్'మని పడనియ్యి, ఈ ఒక్క చేపకి ఆ చప్పుడే పిలుపు, చెట్టుమీంచి పురుగు రాలిందనుకుంటుంది. అప్పుడు నీడలోంచి ఓ బూడిద రంగు ఆకారం లేస్తుంది, తొందరేమీ ఉండదు. ఫ్లై కిందకి వచ్చి దానితోపాటే వెనక్కి కొట్టుకుపోతూ పరీక్షగా చూస్తుంది. తెల్లటి నోరు తెరుచుకుంటుంది, ఫ్లై మాయం. నీ చెయ్యి వెంటనే లాగేద్దామంటుంది, లాగకు. మనసులో "గోవిందా" అనుకో, దాని తల కిందకి తిరుగుతుంది, అప్పుడు రాడ్ ఎత్తు. ముందే లాగితే తెరిచిన నోట్లోంచి ఫ్లై జారి వచ్చేస్తుంది, ఆ చోట ఇక ఆ సాయంత్రానికి పని లేదు. పడిందంటే నేరుగా చెట్ల వేళ్ళలోకి దూరబోతుంది. లీడర్, అంటే లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే సన్న దారం, దాని చివర ఐదారు పౌండ్ల బరువు ఆపే దారం ఉండాలి, మొదటి రెండు సెకన్లు వదలకూడదు.

డేస్‌కి ఇదంతా తిరగబడుతుంది. అరచేతి పొడవు వెండి చేప, వేగంగా పారే పలచని నీళ్ళలో గుంపుగా ఉంటుంది. 16, 18 సైజు బ్లాక్ నాట్ వెయ్యి, చిన్న నల్ల దోమలా ఉండే ఫ్లై అది. డేస్ దాన్ని నోట్లో పెట్టుకోవడం, ఉమ్మేయడం కనురెప్ప పాటులో అయిపోతాయి, గోవిందుణ్ణి తలుచుకునే టైమ్ ఉండదు. పదింటిలో ఒకటి తగిలితే గొప్పే. కానీ చెయ్యికీ కంటికీ ఇంతకంటే మంచి మాస్టారు లేడు. చిన్న చబ్‌నీ డేస్‌నీ కలిపి గందరగోళపడతావు. కింద తోకకి ముందున్న రెక్క చూడు, అంచు బయటకి ఉబ్బి ఉంటే చబ్, లోపలికి వంగి ఉంటే డేస్.

జూన్ దాకా చేతులు ఊరుకోకపోతే చెరువులో రడ్‌ని వెతుకు. ఎర్రటి రెక్కలు, బంగారు ఒళ్ళు, కింది పెదవి ముందుకొచ్చి నోరు పైకి తెరుచుకుంటుంది. పైన తేలే తిండికోసమే పుట్టిన నోరది. ఎండ కాసిన మధ్యాహ్నం తుంగ పక్కన చిన్న వలయాలు లేస్తుంటే అక్కడే ఉందని లెక్క. రోచ్ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ, నోరు కొంచెం కిందకి. అది పైకి తక్కువ వస్తుంది, దానికి నింఫ్‌ని, అంటే నీళ్ళలోని పురుగు పిల్లలా కట్టిన ఫ్లైని, నెమ్మదిగా ముంచాలి. పెర్చ్‌కి చిన్న చేపలా కనిపించే ఫ్లై వేసి లాగు, వీపు మీది ముళ్ళు గుచ్చుకోకుండా పట్టుకో. అంతకుమించి దాని గురించి రాయడానికేం లేదు.

ఫ్లైలు డబ్బాల కొద్దీ కొనకు. బ్లాక్ నాట్, క్లింక్‌హామర్, ఫోమ్ బీటిల్, పూస తొడిగిన హేర్స్ ఇయర్, ఫెజెంట్ టెయిల్. ఈ ఆఖరిది విల్ట్‌షైర్ ఏవన్ మీద నది కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ కట్టింది, నెమలి జాతి పక్షి తోక ఈకా, రాగి తీగా, అంతే. కొన్న ప్రతి గాలానికీ మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ములుకుని ప్లయర్‌తో నొక్కెయ్యి. క్యాజువాల్టీలో పనిచేసిన రోజుల్లో చెవుల్లో, వేళ్ళలో దిగిన గాలాలు చాలానే తీశాను. ములుకు లేనిది ఇట్టే వచ్చేస్తుంది, ఉన్నదానికి మత్తు ఇంజక్షన్ కావాలి. చేపకైనా అదే న్యాయం. టోపీ కూడా పెట్టుకో.

డాక్టరు మాట ఇంకో రెండు. ఈ నదుల్లో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, ఇక్కడ వీల్స్ డిసీజ్ అంటారు. చేతి మీద గీరుకుంటే ప్లాస్టర్ వేసుకునే వెళ్ళు, శాండ్‌విచ్ ముట్టుకునే ముందు చేతులు కడుక్కో. తర్వాత వారాల్లో జ్వరం, తలనొప్పి, పిక్కల నొప్పులు వస్తే చేపలకి వెళ్ళానని జీపీకి, అదే మీ ఫ్యామిలీ డాక్టరుకి, నువ్వే చెప్పాలి, వాళ్ళకి తట్టదు. ఇక రెండోది కరెంటు తీగలు. కార్బన్ రాడ్‌లోంచి కరెంటు పారుతుంది. పొలాల్లో తీగల దగ్గర్లో కూడా రాడ్ ఎత్తవద్దు.

పట్టింది వండుకోవచ్చా అని మీ అమ్మ అడిగిందన్నావు. నది నుంచి చిన్నవి కొన్ని తీసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది: రోజుకి 15, ఒక్కోటీ 20 సెంటీమీటర్లలోపు. కానీ దాదాపు ఏ క్లబ్బూ ఒప్పుకోదు, పట్టిన ప్రతిదాన్నీ వదిలేయాల్సిందే. బయటి దేశాలవాళ్ళు చేపలు ఎత్తుకుపోతారన్న గుసగుస ఇక్కడి గట్ల మీద ఉంది, నీ ముఖం చూసి ఎవరైనా వల వైపు ఓ కన్నేసినా ఉడుక్కోకు, నవ్వి పలకరించు. పైగా చబ్ ఒళ్ళంతా సన్న ముళ్ళు. పులుసు పెట్టినా తినడానికి ఓపిక ఉండాలి. పులస తిన్న నోటితో దాన్ని అక్క మెచ్చుకోదు.

వదలడం కూడా పనే. చెయ్యి తడుపుకో, పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు ఊడిపోతుంది. వలలో ఉంచి, నీళ్ళలోనే గాలం తియ్యి. ఫోటో కావాలంటే ఫోన్ ముందే సిద్ధం చేసుకో. తర్వాత ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి పట్టుకో, దానంతటది తోక కొట్టి వెళ్ళేదాకా. ఒక నది నుంచి ఇంకో నదికి వెళ్ళేముందు వల, బూట్లు బాగా ఆరబెట్టు, అక్కడి పురుగూ పుట్రా ఇక్కడికి మోయకుండా.

జూన్‌లో రెడింగ్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి దగ్గరగా పొద్దు గుంకుతుంది. ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని వెళ్ళినా మంచి సమయం మిగులుతుంది. చివరి గంట ఎక్కడికీ కదలకు. గేట్లు ఎలా ఉన్నవి అలాగే వదిలి రా, మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి. ముడి బిగించేముందు ఉమ్మితో తడుపు, పొడిగా లాగితే దారం కాలి బలం పోతుంది.

పైక్ గురించి అడిగావు కదా, ఎండాకాలం వద్దు. వేడి నీళ్ళలో అలిసిపోయి, వదిలాక కూడా చచ్చిపోతుంది. అక్టోబర్‌లో హెర్ఫర్డ్ రా, వై నది మీద ఇద్దరం వెళ్దాం. దానికి 9వ నంబర్ రాడ్, పళ్ళకి తెగకుండా వైర్, పొడవాటి ఫోర్‌సెప్స్, కింద పరిచే మ్యాట్ కావాలి. అవన్నీ నా దగ్గరున్నాయి, ఏదీ కొనకు. బూట్లు మాత్రం నీవి తెచ్చుకో, నావి నీకు పట్టవు.

మీ మావయ్య