పాత డీజిల్ ఉంచుకోండి, కొత్త డీజిల్ కొనేముందు మీ రోజువారీ దారి చూసుకోండి

మీరు అడిగింది ఇది: దేవరకొండలో ఉంటారు, 2015 మోడల్ డీజిల్ స్విఫ్ట్ ఉంది, లక్షా ఇరవై వేలు తిరిగింది. నెలకు వెయ్యి నుంచి పన్నెండు వందల కిలోమీటర్లు వాడతారు. ఇప్పుడు దాన్ని అమ్మేసి మళ్లీ డీజిలే కొనాలా, పెట్రోలుకు మారాలా?

నా మాట: అమ్మకండి. ఇంకో నాలుగైదేళ్లు హాయిగా నడుస్తుంది. అమ్మక తప్పదు అనుకుంటే మాత్రం నెలకు ఎన్ని కిలోమీటర్లు అనే లెక్క ఒక్కటే చూడకండి. తాళం తిప్పిన ప్రతిసారీ బండి ఎంత దూరం పోతోందో చూడండి. ఇప్పటి డీజిల్ బండి మీకు పనికొస్తుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

నాది నల్గొండ. పురుగు మందులు, ఎరువుల వ్యాపారం. 2013లో కొన్న డీజిల్ డిజైర్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, రెండు లక్షల కిలోమీటర్లకు దగ్గరపడింది. హాలియా, కొండమల్లేపల్లి, మీ దేవరకొండ, మిర్యాలగూడ నాకు రోజువారీ దారులు, హైదరాబాద్ వారం వారం ఉండేది. అప్పట్లో డీజిల్ కారు బుక్ చేస్తే నెలల తరబడి ఆగాల్సి వచ్చేది. షోరూం వాళ్లు పెట్రోలు బండి అయితే రేపే ఇస్తామని బతిమాలేవాళ్లు, ఎవరూ వినేవాళ్లు కాదు.

ఎందుకు వింటారు? 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు, డీజిల్ 41. లీటరుకు ముప్పై రూపాయల పైన తేడా! ఆ తర్వాత 2013 జనవరి నుంచి డీజిల్‌ను నెలకు అర్ధ రూపాయి చొప్పున పెంచుకుంటూ పోయారు. 2014 అక్టోబర్‌లో ప్రభుత్వం ధర మీద పట్టు పూర్తిగా వదిలేసింది. ఇప్పుడు మన దగ్గర తేడా పన్నెండు రూపాయల దాకా ఉంది. అంటే మనం ఆ రోజుల్లో డీజిల్ కారు కొనడానికి ఉన్న అసలు కారణం నేను కొన్న రెండేళ్లలోపే సగానికి పైగా కరిగిపోయింది. అయినా ఆ అలవాటు మాత్రం మనల్ని వదల్లేదు.

మీ స్విఫ్ట్‌లోనూ, నా డిజైర్‌లోనూ ఉన్నది ఒకే ఇంజన్, ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్, 1248 సీసీ. మారుతి వాళ్లు లైసెన్సు తీసుకుని ఇక్కడే తయారుచేశారు. టాటా విస్టాలో, ఫియట్ పుంటోలో కూడా ఇదే ఉండేది. అందుకే ఏ ఊరి మెకానిక్‌కైనా దీని లోపలి సంగతులు తెలుసు, సామాను హైదరాబాద్ నుంచి రెండో రోజుకు వచ్చేస్తుంది. దీనికి టైమింగ్ బెల్టు ఉండదు, చైన్ ఉంటుంది కాబట్టి లక్షకోసారి బెల్టు మార్చే ఖర్చు లేదు.

నడపడంలో దీనికో మొండితనం ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. రెండు వేల ఆర్‌పీఎం లోపు పలకదు, దాటాక ఆగదు. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ దగ్గర రెండో గేరులోనే లాగుదామని చూస్తే బండి గునుస్తుంది, కాలు తెలియకుండానే సగం క్లచ్ మీదికి పోతుంది. ఈ ఇంజన్ ఉన్న బండ్లలో క్లచ్ ప్లేట్లు అరిగేది ఎక్కువగా అక్కడే. కానీ డిండి మీదుగా శ్రీశైలం పోయినప్పుడు చూడండి. ఈగలపెంట దాటి డ్యాం దగ్గరికి దిగి, మళ్లీ సున్నిపెంట వైపు ఎక్కే మలుపుల్లో ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, పైన ఏసీ. మలుపు ముందే రెండో గేరు వేసి ఇంజన్‌ను రెండు వేల పైన పట్టుకుంటే చాలు, మలుపు తిరిగాక ఎక్స్‌లేటర్ కొద్దిగా తొక్కితే వెనక నుంచి ఎవరో నెట్టినట్టు పోతుంది. మా చిన్నాన్న పెట్రోలు బండి అదే చోట మొదటి గేరులో అరుచుకుంటూ ఎక్కింది. ఆ సుఖానికి అలవాటుపడ్డ వాడికి పెట్రోలు చిన్న కారు కొన్నాళ్లు చప్పగా ఉంటుంది. ఇది నిజం, లెక్కల్లో కనబడదు. (ఆ అడవి దారి మొదట్లో ఉండే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, ఎంత పికప్ ఉన్నా లాభం లేదు.)

మైలేజీ ఉన్నదున్నట్టు చెప్తాను. హైవే మీద ఎనభై, తొంభైలో పోతే ఏసీతో ఇరవై, ఇరవై రెండు ఇస్తుంది. నల్గొండ టౌన్‌లో క్లాక్ టవర్ చుట్టూ తిప్పితే పదిహేను. కంపెనీ కాగితంలో రాసిన అంకె నేనెప్పుడూ చూడలేదు, చూసినవాళ్లనూ చూడలేదు.

ఖర్చులంటారా, లక్ష దాటాక క్లచ్ సెట్టు, ముందు సస్పెన్షన్ బుష్‌లు, రెండు సార్లు బ్యాటరీ, టైర్లు. అవన్నీ ఎవరికైనా వచ్చేవే. డీజిల్ బండికి ప్రత్యేకంగా భయపడాల్సింది ఒక్కటే, డీజిల్‌లో నీళ్లు. ఒక వానాకాలం హైవే పక్కన ఓ బంకులో ట్యాంకు నింపించాను. పది కిలోమీటర్లు పోకముందే బండి తుపుక్కు తుపుక్కుమంటూ జర్కులు, డ్యాష్‌బోర్డు మీద లైటు. ఎలాగో మా మెకానిక్ షెడ్డుకు చేర్చాను. ఆయన కోసిన నీళ్ల బాటిల్ ఫిల్టరు కింద పెట్టి డ్రెయిన్ స్క్రూ తిప్పాడు. పైన పచ్చగా డీజిల్, కింద రెండు వేళ్ల మందం నీళ్లు, వాటికింద బూడిద రంగు మడ్డి. బాటిల్‌ను వెలుతురుకు పట్టి చూపించాడు. "అన్నా, ఇంకో ఇరవై కిలోమీటర్లు నడిపి ఉంటే నాలుగు ఇంజెక్టర్లూ చేతికొచ్చేవి" అన్నాడు. వెయ్యి బార్లకు పైగా ఒత్తిడితో డీజిల్ చిమ్మే సన్నటి రంధ్రాలవి, నీటి చుక్క కూడా తట్టుకోవు. ట్యాంకు దింపి కడిగి, ఫిల్టరు మార్చి బయటపడ్డాం. అందుకే డీజిల్ ఎప్పుడూ లారీలు వరుసకట్టే బంకులోనే పోయించాలి, సరుకు నిల్వ ఉండదు. ప్రతి సర్వీసింగ్‌కూ ఫిల్టరు కింద నీళ్లు తీయించాలి. రోడ్డు పక్కన తక్కువకు దొరికే బయోడీజిల్ జోలికి కలలో కూడా పోవద్దు.

ఇంకో మాట. విజయవాడ వైపు పోయేవాళ్లం కోదాడ దాటకముందే ట్యాంకు నింపుకుంటాం, ఆంధ్రలో రేటు ఎక్కువ. మక్తల్, నారాయణపేట వాళ్లు కర్ణాటకలోకి పోయినప్పుడు నింపుకొస్తారు, అక్కడ తక్కువ. ఇవన్నీ మీకు కొత్త కాదులెండి.

ఇప్పుడు అసలు విషయం. పొగ మీద ప్రభుత్వం పెట్టిన నియమాల లెక్కలో మన బండ్లు బీఎస్-4వి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చింది, మారుతి అప్పుడే డీజిల్ పూర్తిగా మానేసింది. హ్యుందాయ్ ఐ20లోనూ తర్వాత డీజిల్ పోయింది. హ్యాచ్‌బ్యాకుల్లో ఇప్పుడు మిగిలింది టాటా ఆల్ట్రోజ్ ఒక్కటే. కాస్త పైకి పోతే నెక్సాన్, వెన్యూ, సోనెట్, మహీంద్రా 3ఎక్స్‌ఓ లాంటి చిన్న ఎస్‌యూవీలు ఉన్నాయి. వీటన్నిట్లో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. ఇంజన్ వదిలే మసిని అది పట్టుకుంటుంది. నిండాక ఆ మసిని దానంతటదే కాల్చేసుకోవాలి, అందుకు ఆరు వందల డిగ్రీల దాకా వేడి కావాలి. అంత వేడి రావాలంటే బండి అరవైకి పైన, ఆగకుండా ఒక పావుగంట, ఇరవై నిమిషాలు పోవాలి. మధ్యలో ఇంజన్ ఆపేస్తే పని సగంలో ఆగిపోతుంది.

మా బామ్మర్ది మహబూబ్‌నగర్‌లో టీచరు. మూడేళ్ల కింద డీజిల్ ఎస్‌యూవీ తీసుకున్నాడు. మెట్టుగడ్డ నుంచి న్యూటౌన్, పిల్లల స్కూలు, కూరగాయలు, మళ్లీ ఇల్లు. ఒక్కోసారి మూడు, నాలుగు కిలోమీటర్లకు మించదు. నెలకు లెక్కేస్తే ఆరేడు వందలు అవుతాయి, ఎందుకంటే సెలవుల్లో ఊరికి పోతాడు. కొన్నాళ్లకు డీపీఎఫ్ లైటు వెలిగింది. సర్వీస్ సెంటర్ వాళ్లు హైవే మీద తిప్పుకు రమ్మన్నారు. ఇక అప్పటి నుంచి లైటు వెలిగినప్పుడల్లా రాత్రి భోజనం చేసి జడ్చర్ల దాకా పోయి, ఎన్‌హెచ్-44 ఎక్కి షాద్‌నగర్ వైపు కొంత దూరం కొట్టి వెనక్కి రావడం. డీజిల్ పొదుపని కొన్న బండికి డీజిల్ కాల్చి షికారు చేయించాలి! ఒకసారి అదీ కుదరలేదు. వర్క్‌షాపులోనే కంప్యూటర్ పెట్టి మసి కాల్పించారు, ఆయిలూ మార్చారు. ఎందుకంటే సగంలో ఆగిపోయిన ప్రతిసారీ కాలని డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది, డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. ఆయిల్ తగ్గితే కంగారుపడేవాళ్లం, ఇప్పుడు పెరిగినా కంగారుపడాలి. ఇది ఏదో ఒక కంపెనీ లోపం కాదు, వాడకం అలాంటిది.

అదే మిర్యాలగూడలో నాకు తెలిసిన బియ్యం కమీషన్ ఏజెంటు ఉన్నాడు. పిడుగురాళ్ల మీదుగా గుంటూరు, లేదంటే హైదరాబాద్, ఎప్పుడు తీసినా వంద కిలోమీటర్లే. అతనిదీ బీఎస్-6 డీజిలే. డీపీఎఫ్ లైటు ఎక్కడుంటుందో కూడా తెలియదంటాడు.

ఈ కొత్త బండ్లలో కొన్నిటికి యాడ్‌బ్లూ అనే, పొగను శుభ్రం చేసే ద్రవానికి వేరే ట్యాంకు కూడా ఉంటుంది. అది శుద్ధి చేసిన నీళ్లలో 32.5 శాతం యూరియా. అయిపోతే బండి స్టార్ట్ కాదు. మా షాపుకు వచ్చే ఒకాయన "బస్తా యూరియా కలుపుకుంటే పోదా?" అని అడిగాడు. పోదు! మన యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి. అది చేనుకు మంచిది, ఆ సిస్టమ్‌కు విషం.

డబ్బు లెక్క కూడా చూద్దాం. పెట్రోలు 107, డీజిల్ 96 అనుకోండి. పెట్రోలు బండి పదిహేను, డీజిల్ ఇరవై ఇస్తే కిలోమీటరుకు రెండు రూపాయల ముప్పై పైసల దాకా మిగులుతుంది. మీ పన్నెండు వందలకు నెలకు 2,800, ఏడాదికి 33 వేల చిల్లర. కొత్త డీజిల్ బండికి పెట్టే అదనం లక్షకు పైమాటే, దాని మీద లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్, కాస్త ఖరీదైన సర్వీసింగ్. నాలుగైదేళ్లలో తిరిగొస్తుంది. మరీ అన్యాయం కాదు. మా బామ్మర్ది లాంటి వాడకానికి మాత్రం ఎనిమిదేళ్లు పడుతుంది, ఆ లోపు ఒక్కసారి డీపీఎఫ్ మార్చాల్సి వస్తే లెక్కంతా తలకిందులే.

ఈ మధ్య చాలామంది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు భయపడి డీజిల్ వైపు చూస్తున్నారు. ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గడం నిజమే. కానీ ఇప్పుడు వచ్చే కొత్త పెట్రోలు బండ్లు దానికి తగ్గట్టే చేసినవి. ఆ ఒక్క భయంతో టౌన్‌లో తిరిగేవాడు డీజిల్ కొంటే ఒక టెన్షన్ పోయి ఇంకోటి పట్టుకుంటుంది. టౌన్ వాడకమే ఎక్కువైతే కరెంటు బండి చూడండి. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా వాటికి రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. మా బామ్మర్దికి ఇప్పుడు నేను చెప్తున్నది అదే.

నేను మళ్లీ డీజిల్ కొంటానా? కొనను. అమ్మాయి చదువు అయిపోయింది, హైదరాబాద్ తిరుగుడు తగ్గింది, ఊళ్లకు కుర్రాడు బైకు మీద పోతున్నాడు. నా బండి ఎక్కువగా ఇంటికీ షాపుకూ మధ్యే. ఉన్న డిజైర్‌ను మాత్రం అమ్మను. డీపీఎఫ్ లేని డీజిల్ బండి కొత్తది ఇక దొరకదు.

మీ బండి సంగతి. ఢిల్లీలో డీజిల్ బండ్లకు పెట్టిన పదేళ్ల నిబంధన విని కంగారుపడుతుంటే, అది అక్కడి చుట్టుపక్కలకే. ఇక్కడ మీ ఆర్‌సీ పదిహేనేళ్లు, అంటే 2030 దాకా చెల్లుతుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి, రెన్యువల్ ఫీజు, గ్రీన్ టాక్స్ కట్టి ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. ముందుగా ఓ రోజు షెడ్డులో పెట్టి ఇంజెక్టర్ల లీక్ టెస్ట్ చేయించండి, టర్బో పైపుల్లో ఆయిల్ తడి ఎంత ఉందో చూడమనండి, క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో మీరే చూసుకోండి. ఈ మూడూ బాగుంటే ముట్టుకోవద్దు. మూడింటికీ కలిపి పెద్ద బిల్లు చెప్తేనే అమ్మడం గురించి ఆలోచించండి. అప్పుడు కూడా ఎక్స్ఛేంజ్ కంటే బయట అమ్మండి, మన వైపు పాత డీజిల్ స్విఫ్ట్ అంటే ఊళ్లలో ఇంకా అడుగుతారు.

మీ పన్నెండు వందల్లో నల్గొండ, హైదరాబాద్ ప్రయాణాలు ఎన్ని, దేవరకొండ లోపల తిరుగుడు ఎంత? అది రాస్తే ఏ బండి అన్నది చెప్తాను.