రాతకన్నా ముందు గొంతు: మా గోండుల వాట్సాప్ గురించి

“ఆదివాసీలు సోషల్ మీడియాలో తమ గుర్తింపును, చరిత్రను ఎలా చెప్పుకుంటున్నారు? దానివల్ల నిజంగా లాభం ఉందా?” అని అడిగారు. ఉంది, చాలా ఉంది. మాది ఉట్నూరు ప్రాంతంలోని గోండు కుటుంబం, బడిలో పాఠాలు చెప్పడం నా పని. రీల్స్‌లో దీపావళి వేళ మా దండారీ పండగలో ఆడే గుస్సాడీ నృత్యం చూసి మా చరిత్ర అక్కడ ఉందనుకుంటారు చాలామంది. అసలు చరిత్రంతా వాట్సాప్ వాయిస్ మెసేజీల్లో ఉందని నేను గట్టిగా చెబుతాను.

ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కిన్వట్, రాజురా ఒకప్పుడు మా ఆదిలాబాద్ జిల్లాలోనివే. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు అవి మరాఠీ వైపు వెళ్లాయి. చుట్టరికాలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. కేస్లాపూర్ నాగోబా జాతరకు పుష్య అమావాస్యనాడు మెస్రం వంశస్థులు రెండు వైపుల నుంచీ వస్తారు. కానీ ఇటు పిల్లలు తెలుగు బడిలో చదివారు, అటు పిల్లలు మరాఠీ బడిలో. మేము మా భాష గోండిని తెలుగు అక్షరాల్లో టైపు చేస్తే వాళ్లకు ముక్క అర్థం కాదు. వాళ్లు నాగరిలో రాస్తే మా ఊరి పెద్దలకు అంతే సంగతి. గుంజాల గ్రామంలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఆ లిపిలో పేరు రాసి ప్రొఫైల్‌లో పెట్టుకునే కుర్రాళ్లను చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయినా చవక ఫోన్లలో అది ఖాళీ డబ్బాలుగా కనిపిస్తుంది, చదవగలిగినవాళ్లూ తక్కువే. ఇక అందరికీ అర్థమయ్యేది గొంతే.

మా గ్రూపులో ఒక దీపావళి ముందు జరిగింది చెబుతాను. ఎవరో ఒక నగరపు డాన్సు బృందం గుస్సాడీ వేషం కట్టి సినిమా పాటకు ఆడిన వీడియో పెట్టారు. కింద చప్పట్ల బొమ్మలు మొదలయ్యాయి. అంతలో మా వంశ కథలు పాడి చెప్పే ప్రధాన్ తెగ తాత ఒకాయన వాయిస్ మెసేజ్ పంపాడు, పది నిమిషాలకు పైగా ఉంటుంది. మొదట దగ్గు వినిపించింది, వెనక ఎక్కడో కోడి కూసింది, తర్వాత ఆయన వాయించే కిక్రి వాద్యం తీగలు సరిచేసుకున్న చప్పుడు. ఏ ఊరు, ఏ ఇంటిపేరు, ఎన్ని దేవతల సగ (గోత్రాల గుంపు) అన్నీ చెప్పుకున్నాకే విషయంలోకి వచ్చాడు. నెమలి ఈకల టోపీకి పూజ చేయకుండా తలమీద పెట్టుకోరని, దీక్ష పట్టినవాడు పండగ ముగింపు పూజ కోలబొడి అయ్యేదాకా స్నానం చేయడని, ఒంటికి బూడిద ఎందుకో, చేతిలో గంగారాం సోటా అనే కర్ర ఎందుకో వివరంగా చెప్పాడు. మధ్యలో పాట అందుకున్నాడు. తిట్టు ఒక్కటి లేదు.

గ్రూపు నిశ్శబ్దమైపోయింది. కాసేపటికి కిన్వట్ వైపు నుంచి ఒక పెద్దావిడ గొంతు వచ్చింది, మరాఠీ యాస కలిసిన గోండి. “మా ఊళ్లో ఈ కథ ఇలా చెప్పరన్నా, ఇంకో మాట ఉంది” అని మొదలుపెట్టి ఆమె అదే కథను మరోలా వినిపించింది. తాత ఒప్పుకోలేదు. ఆమె తగ్గలేదు. రాత్రి పొద్దుపోయేదాకా వాళ్లిద్దరి మెసేజీలు వస్తూనే ఉన్నాయి. నేనూ, మా అన్న పిల్లలూ ఫోను చుట్టూ కూర్చుని విన్నాం. అరవై ఏళ్ల పైబడి సరిహద్దుకు అటూ ఇటూ విడిగా నడిచిన రెండు కథనాలు ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. ఏ పాఠ్యపుస్తకం ఈ పని చేసింది? చిన్నప్పుడు నా తెలుగు వాచకంలో కొమురం భీం గురించి ఒక పేజీ దొరికితే గొప్ప.

ఫోను సంస్కృతిని పాడుచేస్తోందని ఉపన్యాసాలు ఇచ్చే పెద్దమనుషులంటే అందుకే నాకు కోపం. మా పిల్లలు బడికి వెళ్లి గోండి మాట్లాడితే నవ్విన రోజుల్లో ఈ ఆవేదన ఎక్కడ ఉంది? 2011 జనగణనలో గోండిని మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 29 లక్షల మంది. ఇప్పటికీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. మా జిల్లాలోని ఇంద్రవెల్లి సంగతీ అంతే. 1981 ఏప్రిల్ 20న అక్కడ సభకు వచ్చిన ఆదివాసీలపై పోలీసు కాల్పుల్లో చనిపోయింది 13 మంది అని ప్రభుత్వ లెక్క, అంతకంటే చాలా ఎక్కువని మావాళ్ల మాట. ఏటా ఆ రోజున అమరుల స్తూపం దగ్గరకు వెళ్లడానికే ఏళ్ల తరబడి ఆంక్షలు. ఇప్పుడు ఏప్రిల్ 20 వస్తే మా జిల్లాలో ఎవరి స్టేటస్ చూసినా ఆ ఎర్ర స్తూపమే. 2024 అక్టోబరులో మార్లవాయి కనక రాజు గారు పోయినప్పుడు కూడా అంతే. పద్మశ్రీ వచ్చిన గుస్సాడీ గురువని అందరికీ తెలుసు, కానీ ఆయన దగ్గర అడుగు నేర్చుకున్నవాళ్లు తమ గొంతుతో చెప్పుకున్న జ్ఞాపకాలు గ్రూపుల్లోనే విన్నాను.

వీడియోలు తీసుకోవడానికి వచ్చేవాళ్లకు ఒక మాట. “గిరిజన నృత్యం” అని రాసి వదిలేయకండి. ఏ గూడెమో, ఆడినవారు ఎవరో, ఏ పండగో అడిగి రాయండి. దానికి రెండు నిమిషాలు పడుతుంది. సినిమా పాట అతికించడం మాత్రం దయచేసి మానేయండి.

నాకున్న అసలు భయం వేరు. ఫోను నిండిందని పిల్లలు తుడిచేస్తే ఆ గొంతులు పోతాయి. కొందరం కలిసి ఒక్కో మెసేజ్‌నూ కంప్యూటర్‌లోకి దించి చెప్పినవారి పేరు, ఊరు, సగ, నెల రాసిపెడుతున్నాం. వాళ్ల అనుమతి ఉన్నవే ఉంచుతున్నాం, దేవుడి గదిలో మాత్రమే చెప్పుకోవాల్సినవి అసలు తీసుకోవడం లేదు. గోదావరి ఒడ్డున గుడిరేవులోని పద్మల్‌పురి కాకో అమ్మవారి కథ ఇంకా పూర్తిగా దొరకలేదు. కిన్వట్ పెద్దావిడకు తెలుసట, ఈ దండారీకి ముందే చెబుతానని మాటిచ్చింది.